పాత హోమ్ మూవీ కెమెరాలకి కార్ట్రిడ్జ్ ఇంట్లో చేసుకోవచ్చా? డబ్బా కన్నా ప్లేటుదే అసలు పేచీ

క్లుప్తంగా

పాత హోమ్ మూవీ కెమెరాకి ఇంట్లో కార్ట్రిడ్జ్, అంటే ఫిల్ము చుట్ట ఉండే డబ్బా, చేసుకోగలమా లేదా అన్నది 3డీ ప్రింటర్ ఎంత ఖరీదైనదన్న దాని మీద ఆధారపడదు, ఫిల్ముని వెనకనుంచి అదిమి పట్టే ప్లేటుని కంపెనీ ఆ రోజుల్లో ఎక్కడ పెట్టిందన్న దాని మీద ఆధారపడుతుంది. ప్లేటు కెమెరాలో ఉంటే డబ్బా వట్టి డబ్బానే, ఇంట్లో కుదురుతుంది. ఫుజీ సింగిల్ 8 అలాంటిది. ప్లేటు కార్ట్రిడ్జ్‌లోనే ఉంటే డబ్బా అనేది కెమెరాలో సగం అన్నట్టు, దాన్ని ఇంట్లో చెయ్యడం చాలా కష్టం. కోడాక్ సూపర్ 8 అలాంటిది. డబ్బా కుదిరినా సరైన చిల్లులున్న ఫిల్ము దొరకాలి, అది ఇంకో పెద్ద పని.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వస్తోంది

అటక మీద తాతగారి కెమెరా దొరుకుతుంది, లేదంటే పాత సామాన్ల బజార్లో చవగ్గా వస్తుంది, బ్యాటరీ వేస్తే మోటర్ గుర్రుమని తిరుగుతుంది కూడా, కానీ లోపల పెట్టడానికి ఫిల్మే ఉండదు. ఇది చాలామందికి ఎదురయ్యే సంగతే. ఫుజీ కంపెనీ సింగిల్ 8 ఫిల్ము అమ్మడం 2012లో ఆపేసింది, కడిగి ఇవ్వడం 2013లో ఆపేసింది, దాంతో ఒక్క స్క్రూ కూడా వదులవ్వని కెమెరాలు బోలెడు ఒక్కసారిగా ఖాళీ పెట్టెలైపోయాయి. సూపర్ 8 పరిస్థితి వేరు, కోడాక్ ఇప్పటికీ ఆ కార్ట్రిడ్జ్‌లు చేస్తోంది, 2016లో ప్రకటించిన కొత్త సూపర్ 8 కెమెరాని 2023 చివర్లో 5,495 డాలర్లకి అమ్మకానికి కూడా పెట్టింది. అయితే ఒక్కో కార్ట్రిడ్జ్‌లో ఉండేది 50 అడుగులే, సెకనుకి 18 ఫ్రేములు తీస్తే 3 నిమిషాల 20 సెకన్లు, 24 తీస్తే రెండున్నర నిమిషాలు, ఆ కాస్తకి ఫిల్ము కొని, కడిగించి, స్కాన్ చేయించే ఖర్చు చూసుకున్నాక ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే, ఈ ప్లాస్టిక్ డబ్బాని మనమే చేసుకుని, ఫిల్ము పెద్ద రోల్‌గా కొని నింపుకుంటే పోలా అని.

ఫొటోల విషయంలో ఆ ఆలోచన నూటికి నూరు పాళ్లు సరైనదే. ఒకప్పుడు మన దగ్గర ఫొటో స్టూడియోల వాళ్లు 35 ఎంఎం బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము పెద్ద రోల్ కొని, చీకటి గదిలో కత్తిరించి పాత కాసెట్లలో నింపుకునేవాళ్లు, ఖర్చు బాగా తగ్గేది. మూవీ కార్ట్రిడ్జ్‌కి కూడా అదే లెక్క వర్తిస్తుందని అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడుతున్నారు, ఎందుకంటే ఫొటో కాసెట్‌కి ఫిల్ముని వెలుతురు తగలకుండా దాచడం తప్ప ఇంకో పని లేదు, మూవీ కార్ట్రిడ్జ్‌కి చాలా పనులున్నాయి.

లోపల ఏం జరుగుతుంది

కుట్టు మిషన్ పాదం కింద చిన్న పళ్లు ఉంటాయి కదా, పైకి లేచి బట్టని కొంచెం ముందుకి జరిపి కిందకి దిగిపోతాయి, బట్ట ఆగుతుంది, సూది దిగుతుంది, మళ్లీ పళ్లు లేస్తాయి. మూవీ కెమెరాలో జరిగేది దాదాపు ఇదే. క్లా అనే చిన్న కొక్కెం ఫిల్ము చిల్లులో దూరి ఒక్క ఫ్రేము మేర కిందకి లాగి వదిలేస్తుంది, ఫిల్ము కదలకుండా నిలబడ్డ ఆ క్షణంలో షట్టర్ తెరుచుకుని బొమ్మ పడుతుంది, మళ్లీ లాగుడు. సూపర్ 8లో ఒక ఫ్రేముకి 4.23 మిల్లీమీటర్లు, అడుగుకి 72 ఫ్రేములు, అంటే 50 అడుగులకి 3,600 సార్లు ఆ కొక్కెం లాగాలి, ప్రతిసారీ ఫిల్ము అంతే దూరం జరగాలి, అదే చోట ఆగాలి.

ఇందులో కార్ట్రిడ్జ్ చెయ్యాల్సిన పనులు చూస్తే, ఒక వైపు చుట్ట నుంచి ఫిల్ము పట్టు లేకుండా వదలాలి, వాడిన ఫిల్ముని ఇంకో వైపు చుట్టుకోవాలి, వెలుతురు రానివ్వకూడదు, కొన్ని డిజైన్లలో ఫిల్ముని గేటుకి, అంటే లెన్స్ వెనక బొమ్మ పడే కిటికీకి, ఆనించి చదునుగా పట్టుకోవాలి. మొదటి మూడూ ఓపిక ఉంటే ఇంట్లో సాధించవచ్చు. నాలుగోదే అసలు పేచీ.

1965లో రెండు దారులు

అంతకు ముందు 1932 నుంచి ఉన్నది రెగ్యులర్ 8. అందులో 16 ఎంఎం వెడల్పున్న 25 అడుగుల ఫిల్ముని ఒకసారి ఒక సగం మీద తీసి, స్పూలు తిప్పిపెట్టి రెండో సగం మీద తీసేవాళ్లు, కడిగాక ల్యాబ్‌లో మధ్యకి చీల్చి అతికిస్తే 50 అడుగులయ్యేది. మధ్యలో స్పూలు తిప్పి పెట్టడం మామూలు కుటుంబాలకి తలనొప్పి, ఎండలో తిప్పితే అంచులు వెలుతురు పట్టేవి. ఆ తలనొప్పి తీర్చడానికి 1965లో కోడాక్ సూపర్ 8ని, జపాన్‌లో ఫుజీ సింగిల్ 8ని తెచ్చాయి. రెండింటి ఫిల్ము వెడల్పు, ఫ్రేము, చిల్లుల కొలతలు ఒకటే, కడిగాక రెండూ ఒకే ప్రొజెక్టర్‌లో ఆడతాయి, కానీ డబ్బాలు మాత్రం ఒకదానిది ఇంకోదానిలో పట్టవు, ఆలోచనే వేరు.

కోడాక్ కెమెరాని చవగ్గా, తేలిగ్గా, చిన్నపిల్లలు కూడా లోడ్ చేసేలా ఉంచాలనుకుంది. అందుకని రెండు చుట్టల్నీ ఒకే ఇరుసు మీద పక్కపక్కన పెట్టింది, ఫిల్ము ఒక గది నుంచి బయటికొచ్చి గేటు ముందు నుంచి దిగి, ఒంపు తిరిగి పక్క గదిలోకి వెళ్తుంది. ఫిల్ముని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు కూడా ప్లాస్టిక్‌తో కార్ట్రిడ్జ్‌లోనే పెట్టేసింది. చుట్టుకునే వైపు వెనక్కి తిరగకుండా పళ్ల చక్రం బిగించింది. దీనివల్ల కెమెరా లోపలంతా ఖాళీయే, డబ్బా పెట్టి తలుపు మూస్తే చాలు. ఆ కార్ట్రిడ్జ్ ఒక్కసారి వాడి పారెయ్యడానికే పుట్టింది, ల్యాబ్‌లో దాన్ని పగలగొట్టే ఫిల్ము తీస్తారు.

ఫుజీ వాళ్లు అలా చెయ్యలేదు. రెండు చుట్టలూ ఒకే వరసలో ఒకదాని కింద ఒకటి, నిలబెట్టిన ఆడియో క్యాసెట్ లాగే, ఫిల్ము పై చుట్ట నుంచి కింద చుట్టకి సూటిగా దిగుతుంది, ఆ మధ్య డబ్బాలో ఖాళీ చోటు వదిలారు, కెమెరాలో ఉన్న మెటల్ ప్రెషర్ ప్లేటు ఆ ఖాళీలో దూరి ఫిల్ము వెనక నిలబడుతుంది. రెండు ఇరుసులూ కెమెరా చేతిలోనే ఉంటాయి కాబట్టి ఫిల్ముని వెనక్కి తిప్పి ఒకదాని మీద ఒకటి రెండు బొమ్మలు కూడా వేసుకోవచ్చు, 1975లో వచ్చిన ఫుజికా జెడ్‌సీ1000 లాంటి కెమెరాలకి అంత పేరు రావడంలో దీని వాటా పెద్దదే. అమ్మకాల్లో సూపర్ 8 గెలిచింది, ప్రపంచమంతా పాకింది. కానీ ఫ్యాక్టరీ ఆగిపోయాక ఎవరి కెమెరా బతికి బట్టకట్టింది అని చూస్తే తేడా అక్కడ కనిపిస్తుంది, సింగిల్ 8 డబ్బాలో కచ్చితమైన కొలత అవసరమైన భాగమే లేదు, రెండు చుట్టలు, రెండు సందులు, ఒక మూత, అంతే, అందుకే 3డీ ప్రింటర్‌తో చేసిన సింగిల్ 8 డబ్బాలు నిజంగానే కెమెరాల్లో నడుస్తున్నాయి, పాత ఫుజీ డబ్బా రెండు పెంకుల్నీ జాగ్రత్తగా విడదీసి, నింపి, నల్ల టేపుతో అతికించి వాడేవాళ్లూ ఉన్నారు.

పాత పద్ధతులు చూస్తే

ఇంట్లో నింపుకోవడం కొత్తగా పుట్టిన సరదా కూడా కాదు. ఫ్రాన్స్‌లో పాథే కంపెనీ 1922లో పాథే బేబీ ప్రొజెక్టర్, తర్వాతి ఏడాది కెమెరా తెచ్చింది, 9.5 ఎంఎం ఫిల్ము, చిల్లు అంచున కాకుండా రెండు ఫ్రేముల మధ్యలో ఉంటుంది. దాని చిన్న కాసెట్‌లో పట్టేది 9 మీటర్ల ఫిల్ము, చీకట్లో చేత్తో నింపుకోవడానికి వీలైన తయారీ, రీఫిల్ కొనుక్కుని నింపుకునేవాళ్లు కూడా. నూరేళ్ల కింద చేసిన ఆ లోహపు కాసెట్లని నేటికీ కొందరు ఔత్సాహికులు నింపుతున్నారంటే కారణం అదే, తెరవడానికి వీలుగా చేశారు కాబట్టి.

కోడాక్ కూడా ఒకప్పుడు అలాగే చేసింది. 1936లో వచ్చిన 16 ఎంఎం మ్యాగజైన్ కెమెరా, 1940లో వచ్చిన 8 ఎంఎం మ్యాగజైన్ కెమెరా, రెండింటికీ లోహపు పెట్టెలే. వాటిలో గేటు, ప్లేటు అన్నీ మ్యాగజైన్‌లోనే ఉంటాయి, అయినా ఇంట్లో నింపడం కుదురుతుంది. ఎలా అంటే, కచ్చితమైన భాగాలు మ్యాగజైన్‌లో ఉన్నా అవి లోహంతో మన్నికగా చేసినవి, పక్క మూత తీసి మళ్లీ పెట్టొచ్చు, ల్యాబ్‌కి వెళ్లి ఖాళీ అయి మళ్లీ నిండి రావడానికే చేశారు. కొత్తది తయారు చెయ్యక్కర్లేదు, పాతది దొరికితే చాలు. సోవియట్ యూనియన్‌లో సూపర్ 8కే తెరిచి నింపుకునే కాసెట్లు తయారయ్యాయి, క్వార్జ్ 1×8ఎస్-2 లాంటి కెమెరాల కోసం, అవి ఇప్పుడు కనిపిస్తే వెంటనే కొనేసేవాళ్లున్నారు. అంటే సూపర్ 8 డబ్బాని మళ్లీ వాడేలా చెయ్యడం అసాధ్యం అని కాదు, ఫ్యాక్టరీ అచ్చుల్లో సాధ్యం, ఇంటి బల్ల మీద సాధించడం వేరే మాట.

ప్రింటర్ ఎక్కడ ఆగిపోతుంది

ఇక్కడ ఒక్క లెక్క చూస్తే చాలు. లెన్స్ ఎఫ్ 1.8 దగ్గర, అంటే బాగా తెరుచుకుని, ఉందనుకుందాం, ఇంత చిన్న ఫ్రేములో బొమ్మ పదునుగా కనిపించాలంటే మసక చుక్క 0.01 మిల్లీమీటర్ దాటకూడదు అనుకుందాం, రెండూ గుణిస్తే 0.018 మిల్లీమీటర్. ఫిల్ము ఉండాల్సిన చోటు నుంచి ముందుకో వెనక్కో అంతకు మించి జరిగితే బొమ్మ మసకబారుతుంది. మామూలు ఇంటి ప్రింటర్ వేసే ఒక్కో పొర మందం 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు. అంటే ప్రింటర్ వేసే ఒకే ఒక్క పొర, ఫిల్ము కదలగలిగిన హద్దు కన్నా దాదాపు అయిదున్నర నుంచి పదకొండు రెట్లు మందం. బొమ్మ తలాన్ని నిర్ణయించేది కెమెరా గేటే అయినా ఫిల్ముని దానికి ఆనించాల్సింది కార్ట్రిడ్జ్ ప్లేటు, ఆ ప్లేటు గట్టిగా నొక్కితే ఫిల్ము ఇరుక్కుంటుంది, వదులుగా ఉంటే ఫిల్ము గాలి పోసుకున్నట్టు ఊగుతుంది, బొమ్మ పైకీ కిందకీ వణుకుతుంది. సూపర్ 8లో ఫ్యాక్టరీ కార్ట్రిడ్జ్‌లతోనే ఈ వణుకు ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు, ఇక ఇంట్లో చేసినదాని సంగతి చెప్పక్కర్లేదు. రెసిన్ ప్రింటర్లు ఇంకా సన్నగా వేస్తాయి, అయినా వేసిన ముక్క ఆరేటప్పుడు కొంచెం వంగుతుంది.

పొరల గీతలు ఇంకో బెడద, సెకనుకి 7.6 సెంటీమీటర్ల వేగంతో ఫిల్ము జారిపోతుంటే ఆ గరుకు మీద గీసుకుని నిలువు గీతలు పడతాయి, ఫిల్ము తగిలే ప్రతి చోటా సన్నటి కాగితంతో రుద్ది నున్నగా చెయ్యాలి, రుద్దిన పొడి ఒక్క రేణువు కూడా లోపల ఉండకూడదు. నల్ల ప్లాస్టిక్ అన్నంత మాత్రాన వెలుతురు ఆపుతుందనీ లేదు, గోడ పల్చగా ఉంటే దాటుతుంది, చీకటి గదిలో డబ్బా లోపల టార్చి వెలిగించి బయటి నుంచి చూస్తే ఎక్కడ కారుతుందో తెలిసిపోతుంది. ఇంటి ప్రింటర్లలో మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది కాబట్టి మే నెల ఎండలో నిలిపిన కారులో అలాంటి కార్ట్రిడ్జ్ పెట్టి మర్చిపోతే ఆకారం మారిపోయే ప్రమాదం ఉంది, మన ఎండలకి ఇది చిన్న విషయం కాదు.

ఫిల్ము ఎక్కడి నుంచి తేవాలి

డబ్బా చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడ. సింగిల్ 8 డబ్బాలో వెయ్యాలంటే సూపర్ 8 చిల్లులున్న 8 ఎంఎం ఫిల్మే కావాలి. రెగ్యులర్ 8 ఫిల్ము తెచ్చి చీల్చి వేద్దామంటే కుదరదు, దాని చిల్లు పెద్దది, ఫ్రేముల మధ్య గీత దగ్గర ఉంటుంది, అడుగుకి 80 ఫ్రేములు, సూపర్ 8లో చిల్లు చిన్నది, ఫ్రేము నడుముకి ఎదురుగా ఉంటుంది, అడుగుకి 72, కొక్కెం అసలు దారిలోనే పడదు.

ఒక దారి ఏంటంటే కొత్త కోడాక్ సూపర్ 8 కార్ట్రిడ్జ్ కొని, చీకట్లో దాన్ని పగలగొట్టి, ఆ ఫిల్ముని సింగిల్ 8 డబ్బాలోకి ఎక్కించడం. ఇందులో డబ్బు ఆదా ఏమీ ఉండదు, ఆగిపోయిన కెమెరా మళ్లీ నడుస్తుంది, అంతే. పైగా మందం తేడా ఉంది. ఫుజీ ఫిల్ముకి మందు పూసే ప్లాస్టిక్ పట్టీ (బేస్) పాలియెస్టర్, దాదాపు 0.1 మిల్లీమీటర్, మామూలు అసిటేట్ ఫిల్ము దాదాపు 0.15. నడిమి కోర్ 16 మిల్లీమీటర్లు అనుకుని 50 అడుగులు చుడితే పల్చటి ఫిల్ము చుట్ట 47 మిల్లీమీటర్ల వ్యాసం వస్తుంది, మందపు ఫిల్ము చుట్ట 56 దాకా వస్తుంది. పల్చటిదానికి కొలిచి చేసిన గదిలో మందపుది నిండుగా చుడితే డబ్బా గోడలకి ఒరుసుకుని మధ్యలో ఆగిపోతుంది. కాబట్టి కొన్ని అడుగులు తగ్గించి నింపడమే మార్గం, లేదా మొదట్నుంచే గది పెద్దదిగా ప్రింట్ చెయ్యడం, అది కెమెరాలో పడితే.

రెండో దారి డబుల్ సూపర్ 8. ఇది 16 ఎంఎం వెడల్పు ఫిల్ము, రెండు అంచులకీ సూపర్ 8 చిల్లులు. చెక్ దేశపు ఫోమా కంపెనీ తన ఆర్ 100 బ్లాక్ అండ్ వైట్ రివర్సల్ (కడిగాక నేరుగా ప్రొజెక్టర్‌లో ఆడే) ఫిల్ముని ఈ రూపంలో కూడా ఇచ్చింది. 100 అడుగుల రోల్‌ని సరిగ్గా మధ్యకి చీలిస్తే 100 అడుగుల పట్టీలు రెండు, అంటే 50 అడుగుల నింపుళ్లు నాలుగు. ఆదా అనేది నిజంగా ఉంటే ఇందులోనే ఉంది. కానీ చీల్చడం పూర్తి చీకట్లో, బ్లేడు బిగించిన చిన్న గైడులోంచి లాగుతూ చెయ్యాలి, ఒక పట్టీ వెంట్రుక వాసి వెడల్పయితే గేటులో ఇరుక్కుంటుంది, సన్నబడితే బొమ్మ అటూ ఇటూ ఊగుతుంది, రెండో పట్టీకి ఎలాగూ దానికి ఎదురు లోపం వస్తుంది.

ఇక్కడ చాలామంది తడబడే ఒక మెలిక ఉంది. చీల్చాక ఒక పట్టీకి చిల్లులు కుడి వైపు, ఇంకోదానికి ఎడమ వైపు ఉంటాయి, బొమ్మ పడే మందు పూసిన వైపు రెండిటికీ ఒకటే. కెమెరాకి కావాల్సింది ఒక్క వైపు చిల్లులే. రెండో పట్టీ పనికిరాదని అనుకుంటారు, అలా కాదు, దాన్ని తలకిందులు చేసి, అంటే చివర ఉన్న కొసని మొదలుగా పెట్టి చుడితే చిల్లులు సరైన వైపుకి వచ్చేస్తాయి, మందు వైపు మారదు. చీకట్లో మందు వైపు ఏదో తెలియకపోతే కొసని తడి పెదవికి తాకించి చూస్తారు, అంటుకున్నట్టు అనిపించే వైపే మందు. ఇంకో జాగ్రత్త, పొడి గాలిలో ఫిల్ముని వేగంగా లాగి చుడితే స్టాటిక్ మెరుపులు పుట్టి, కడిగాక చూస్తే ఫ్రేముల మీద చెట్టు కొమ్మల్లాంటి గీతలు కనిపిస్తాయి, నెమ్మదిగా చుట్టడమే దీనికి విరుగుడు. పాలియెస్టర్ ఫిల్ము తెగదు, అది మంచి గుణమే అయినా లోపల ఇరుక్కున్నప్పుడు ఫిల్ము బదులు కెమెరా పళ్లు విరుగుతాయి, అసిటేట్ అయితే ఫిల్మే తెగి కెమెరా దక్కుతుంది. అందుకని కొత్తగా చేసిన డబ్బాని మొదటిసారి పరీక్షించేటప్పుడు అసిటేట్ వాడటమే నయం.

డబ్బా మీద గాట్లు

చిన్న విషయమే గానీ మర్చిపోతే రోల్ అంతా పాడవుతుంది. సూపర్ 8 కార్ట్రిడ్జ్ ముందు అంచున ఉండే గాట్లని కెమెరాలోని చిన్న మీట తడిమి చూసి ఫిల్ము స్పీడ్ (వెలుతురుకి ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె) ఎంతో, లోపలి నారింజ ఫిల్టర్ ఉంచాలో తియ్యాలో నిర్ణయించుకుంటుంది. చాలా కెమెరాలకి 40, 160 రెండు స్పీడ్లే తెలుసు. సింగిల్ 8 డబ్బాకీ స్పీడ్ చెప్పే గాటు ఉంటుంది. గాటు లేకుండా ప్రింట్ చేస్తే కెమెరా తనకి తోచిన స్పీడ్ అనుకుని వెలుతురు కొలుస్తుంది, చేత్తో ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర) పెట్టుకునే వీలున్న కెమెరా అయితే పరవాలేదు, పూర్తి ఆటోమేటిక్ అయితే గాటు కొలతని అసలు డబ్బా చూసి తియ్యాల్సిందే.

కడగడం, ఆ తర్వాత

ల్యాబ్‌లకి సూపర్ 8 కార్ట్రిడ్జ్ తెరిచే పద్ధతి అలవాటు, ఇంట్లో చేసిన డబ్బా పంపితే అది ఎలా తెరవాలో తెలియక పగలగొట్టేస్తారు, తిరిగి రాదు. కాబట్టి డబ్బా చేసుకున్నవాళ్లు ఫిల్ముని చీకట్లో తీసి నల్ల సంచిలో పంపుతారు, లేదా కడగడం కూడా తామే నేర్చుకుంటారు. బ్లాక్ అండ్ వైట్ రివర్సల్ అయితే మొదటి డెవలపర్, బ్లీచ్, క్లియరింగ్ బాత్, మళ్లీ వెలుతురు చూపించడం, రెండో డెవలపర్, ఫిక్సర్, ఈ వరసంతా సోవియట్ కాలపు లోమో స్పైరల్ ట్యాంకుల్లో చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. రంగుల ఫిల్ము దగ్గర మాత్రం సొంత పని అంత తేలిక కాదు, కోడాక్ వాళ్ల పాత రంగుల ఫిల్ము కోడాక్రోమ్ అయితే ముగిసిన కథ, దాన్ని కడిగిన చివరి ల్యాబ్ అమెరికాలోని కాన్సాస్‌లో ఉండేది, 2010 డిసెంబర్ 30తో రోల్స్ తీసుకోవడం ఆపేసింది. ఫ్రిజ్‌లో దాచిన పాత కోడాక్రోమ్ కార్ట్రిడ్జ్ దొరికినా దాన్నుంచి రంగులు రాబట్టి ఇచ్చే మామూలు ల్యాబ్ లేదు, సాధారణంగా బ్లాక్ అండ్ వైట్‌గానే కడుగుతారు.

ముందు ముందు ఎలా ఉండొచ్చు

ప్రింటర్లు ఇంకా సన్నగా వేసే కొద్దీ సింగిల్ 8 డబ్బాల సంగతి తేలికవుతూనే ఉంటుంది. సూపర్ 8 విషయంలో, కోడాక్ కార్ట్రిడ్జ్ చేస్తున్నంత కాలం ఇంట్లో చేసుకునే అవసరం పెద్దగా రాదు, ఆపేసిన రోజున మాత్రం ఆ కెమెరాల్ని కాపాడటం సింగిల్ 8 కన్నా ఎన్నో రెట్లు కష్టం. ఎక్కువమంది ఇళ్లలో ఉన్నది సూపర్ 8 కెమెరాలే కాబట్టి ఇది తీసిపారేసే విషయం కాదు. వాడేసిన కార్ట్రిడ్జ్‌లోంచి ఆ ప్లాస్టిక్ ప్లేటు, పళ్ల చక్రం జాగ్రత్తగా తీసి, మిగతా పెంకు మాత్రమే కొత్తగా ప్రింట్ చెయ్యడం మధ్యేమార్గంగా పనికిరావొచ్చు, కచ్చితమైన భాగం ఫ్యాక్టరీది, గరుకు పని ఇంటిది. ఆ రోజు వస్తుందనుకుంటే ఇప్పుడు ల్యాబ్‌లు చెత్తబుట్టలో వేస్తున్న ఖాళీ కార్ట్రిడ్జ్‌లకి విలువ ఉంది, పగలగొట్టకుండా తెరిచి దాచమని ల్యాబ్ వాళ్లని ముందే అడగాల్సి ఉంటుంది.

ఇప్పటికిప్పుడు చేసి చూడాలనుకునేవాళ్లు కొత్త ఫిల్ముతో మొదలుపెట్టనక్కర్లేదు. ఎప్పుడో కడిగేసిన, ఎవరికీ అక్కర్లేని పాత సూపర్ 8 రీలు 50 అడుగులు తీసుకుని, డబ్బాలో నింపి, గేటు దగ్గర కనిపిస్తున్న ఫ్రేము మీద మార్కర్‌తో చుక్క పెట్టి, కెమెరా పది సెకన్లు నడిపి ఆపి మళ్లీ చుక్క పెట్టాలి, ఇలా చివరిదాకా. బయటికి తీసి చుక్కల మధ్య ఫ్రేములు లెక్కపెడితే 18 వేగంలో ప్రతిచోటా 180కి దగ్గరగా ఉండాలి. మొదట్లో సరిగ్గా ఉండి చివర్లో తగ్గుతుంటే చుట్టుకునే వైపు ఒరుసుకుంటోందని అర్థం, అక్కడక్కడా ఉన్నట్టుండి తగ్గితే చిల్లుల అంచులు భూతద్దంలో చూడాలి, కొక్కెం లాగలేక చింపిన గుర్తులు కనిపిస్తాయి.